సగం ఏడుపు

చీటీలు తీసిన రోజున స్టాఫ్‌రూములో టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బల్ల మీద స్టీలు గిన్నె. గిన్నెలో మడిచిన చీటీలు. ఒక్కో చీటీలో ఒక్కో పిల్ల పేరు. ఆ పిల్ల దిగులులో సగం, చీటీ తీసినామెది.

పలకలదిన్నె బాలికల గురుకులంలో అంతకుముందు వేసవిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ప్రాణం తీసుకుంది. ముందురోజు సాయంత్రం దాకా అందరితో కబడ్డీ ఆడింది. పేపర్లవాళ్ళొచ్చారు, టీవీలవాళ్ళొచ్చారు. వచ్చినవాళ్ళందరూ అడిగింది ఒకటే. ఇంతమంది టీచర్లుండి ఒక్కరికీ తెలియలేదా? తెలియలేదు. ఆ తెలియకపోవడానికి మందుగా ప్రభుత్వం జోడుపట్టీలు పంపించింది. పిల్ల ముంజేతికి ఒకటి, టీచరు ముంజేతికి ఒకటి. పెట్టిన తర్వాత టీచరు బొటనవేలు ఆనితే తప్ప రెండూ ఊడవు.

"పట్టీలంట పట్టీలు! బేడీలు అనండి," అంది హిందీ టీచరు షంషాద్. "జైల్లో అయితే తప్పు చేసినోళ్ళకే వేస్తారు."

"తియ్యమ్మా తియ్యి, నీ మాటలకేం గాని," అని ప్రిన్సిపాలు అనసూయమ్మ గిన్నె ముందుకు తోసింది.

లెక్కల టీచరు తిరుపతమ్మ వంతు వచ్చింది. చీటీ విప్పి చదివింది. "రూతు. ఏడో తరగతి."

గదిలో మిగతా వాళ్ళందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి. రూతు అంటే అందరికీ తెలుసు. తల్లి సువార్తమ్మ పలకల గనిలో రాయి చీల్చీ చీల్చీ ఊపిరితిత్తుల నిండా దుమ్ము పట్టించుకున్న మనిషి. పిల్ల ఎవరితో మాట్లాడదు. కిటికీ పక్కన కూచుని, గని వైపున్న రోడ్డు చూస్తా ఉంటుంది.

"నీ పంట పండింది పో అక్కా," అంది షంషాద్. "నాకు ఆ ఆరో తరగతి పొట్టిది వచ్చింది. దానికి జామకాయ దొరక్కపోతే తప్ప దిగులే లేదు."

తిరుపతమ్మ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. ఆమెకు మాట తక్కువ. కోపం మాత్రం కడుపులో కుంపటిలా ఎప్పుడూ రాజుకుంటూనే ఉంటుంది.

పాత లైబ్రరీ గదిలో పుస్తకాలు మూటలు కట్టి మూలకు నెట్టి, అక్కడ ప్రయోగశాల పెట్టారు. పట్టీని కనిపెట్టిన డాక్టర్ ప్రమీల నగరం నుంచి వచ్చి ఆ గదిలోనే మకాం వేసింది. రూతును స్టూలు మీద కూచోబెట్టి, ఎదురుగా తిరుపతమ్మను కుర్చీలో కూచోబెట్టింది. కుదురుగా ఉంటే పచ్చగా, దిగులు పెరిగితే ఎర్రగా వెలిగే పట్టీలు ఇద్దరికీ తొడిగింది. చల్లగా, పాము చర్మంలా ఉంది తిరుపతమ్మకు.

డాక్టరు చడీచప్పుడు లేకుండా రూతు వెనక్కి వెళ్ళింది. చేతిలో స్టీలు పళ్ళెం. పళ్ళెం పైకెత్తడం తిరుపతమ్మ చూస్తూనే ఉంది. కింద పడుతుందని తెలుసు. అయినా పళ్ళెం గచ్చు మీద ఖంగున పడగానే ఆమె గుండె గొంతులోకి ఎగిరింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. వెనక పడబోతున్న పళ్ళెం సంగతే తెలియని రూతు మాత్రం మెల్లగా తల తిప్పి చూసింది, పిల్లి పోయిందా అన్నట్టు.

తెర మీద రెండు గీతలు. ఒకటి దిగింది, ఒకటి లేచింది.

"చూశారా? పిల్లకు రావాల్సిన అదురులో సగం మీకొచ్చింది. అదురే కాదు, నొప్పీ దిగులూ అంతే. దూరంగా ఉన్నా వస్తుంది. ఊరు దాటినా వస్తుంది," అంది డాక్టరు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఇక ఏ పిల్లా ఒంటరిగా మోయదు."

"ఊడదీస్తే?"

డాక్టరు కిటికీలోంచి చూపించింది. వంట చేసే గురవమ్మా, ఇంకొకామే అన్నం గుండిగ చెవుల్లో కర్ర దూర్చి, చెరో కొస భుజానికెత్తుకుని భోజనాల హాలుకు మోసుకుపోతున్నారు.

"గురవమ్మా! ఒకరు చెప్పకుండా కర్ర వదిలేస్తే ఏమవుద్ది?" అని కేకేసింది డాక్టరు.

"ఏమవుద్దా? రెండోదాని కాళ్ళు కాల్తాయి," అంది గురవమ్మ నడక ఆపకుండానే. "నీకేం పని లేదా డాక్టరమ్మా?"

"అంతే," అంది డాక్టరు తిరుపతమ్మతో. "పెద్ద బరువు మోస్తున్నప్పుడు తియ్యొద్దు. పిల్ల తట్టుకోలేదు."

*

మొదట్లో పట్టీలు పని చేశాయి. అది ఒప్పుకోవాలి.

చల్లటి రసం తాగి పిల్లలకు కడుపులో తిప్పితే టీచర్లకూ తిప్పింది. మూడో రోజుకల్లా రసం పొగలు కక్కుతా వచ్చింది. స్నానాల గదికి గడియ లేదని పెద్ద పిల్లలు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే వినబడని అనసూయమ్మకు, ఇప్పుడు తన చీటీ పిల్ల స్నానానికి పోయిన ప్రతిసారీ ఒళ్ళు ముడుచుకుపోవడం మొదలైంది. గడియలు వచ్చాయి. నెలసరి గుడ్డలకు బీరువా వచ్చింది. దయ పుట్టుకొచ్చి కాదు. పిల్ల కడుపునొప్పి టీచరు కడుపుకే చేటు.

ఎరువు వేసిన చేలో పైరుతో పాటు కలుపూ లేస్తుంది. కొన్నాళ్ళకు టీచర్లు దగ్గరి దారులు కనిపెట్టారు.

ఆదివారం ఇంటికి ఫోన్లు చేశాక పిల్లలు ఏడుస్తారు. ఏడిస్తే ఆ సాయంత్రమంతా స్టాఫ్ క్వార్టర్సులో తలనొప్పులు. అందుకని ఫోన్లు కురచ చేశారు. తర్వాత సిగ్నలు లేదన్నారు. తర్వాత అడగడమే తప్పయింది. దిగులుపడే పిల్ల పక్కన ఇంకో దిగులుపడే పిల్ల కూచుంటే రెండింతలవుతుందని, స్నేహితుల్ని విడగొట్టి వేరే గదుల్లో వేశారు.

"ఏడ్చావంటే చూడు!" అని షంషాద్ ఆ పొట్టిదాని చెవి మెలేసింది ఒకరోజు. మెలేసి తనే "అబ్బా!" అని తన చెవి పట్టుకుంది. చూసినవాళ్ళు నవ్వారు. పిల్ల నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల టీచరు మొహం చూసి, ఆ మొహంలో ఏముందో దాన్నిబట్టి తనేం అనుకోవాలో నేర్చుకుంది.

తిరుపతమ్మ పద్ధతి వేరు. ఆమె చెవులు మెలేయదు. రూతును పిలిచి చెప్పింది.

"నీకు దిగులొచ్చినప్పుడల్లా పదిహేడో ఎక్కం చదువుకో. మనసులో కాదు, పెదాలు కదలాలి. అది అయ్యేలోపు దిగులు పోతుంది."

పదిహేడో ఎక్కం కష్టం. మనసుకు వేరే దేనికీ చోటుండదు. రూతు తెలివిగల పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేసింది. కిటికీ పక్కన కూచుని రోడ్డు వైపు చూడబోయి, చూపు తిప్పుకుని, పెదాలు కదిపేది. తిరుపతమ్మ ఛాతీ మీది రాయి కదిలి, తేలికయ్యేది. లెక్కల టీచరుకు అంతకంటే మంచి మందు తోచలేదు. పిల్లకు ఎక్కమూ వచ్చిందని సంతోషించింది కూడా.

రసం మళ్ళీ చల్లబడింది. ఈసారి ఎవరి కడుపులోనూ తిప్పలేదు. పిల్లలు రసం గురించి అనుకోవడం మానేశారు.

*

క్వార్టర్సులో తిరుపతమ్మ భర్త ఏడుకొండలు, ఆరేళ్ళ కూతురు లహరి. ఏడుకొండలు ఆర్టీసీ కండక్టరు. రోజంతా టిక్కెట్టు దగ్గర చిల్లర దగ్గర జనంతో అరిచి ఇంటికొస్తాడు, ఇంట్లోనైనా నెమ్మది ఉండాలంటాడు.

ఒక సాయంత్రం తిరుపతమ్మ పొయ్యి దగ్గర పప్పు ఎనుపుతోంది. లహరి తలుపు సందులో వేలు పెట్టి, గాలికి తలుపు మూసుకుని, కెవ్వుమంది. తిరుపతమ్మకు వినబడింది. ఎక్కడో ఎవరో పిల్ల ఏడుస్తోందనుకుంది. ఆ పూట పొద్దుటినుంచీ రూతు దిగులు గొంతులో ఉండకట్టుకుని ఉంది. ఏ ఏడుపు లోపలిదో ఏది బయటిదో ఆమెకు విడదీయడం కుదర్లేదు. పప్పుగుత్తి తిప్పుతూనే ఉంది.

ఏడుకొండలు పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. వేలు నల్లగా కమిలిపోయింది.

"కన్నబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పప్పు తిప్పుతుండావేందే? మనిషివా, మరబొమ్మవా?"

"వినబళ్ళా."

"వినబళ్ళా! ఊళ్ళోవాళ్ళ పిల్ల ఏడుపు మైళ్ళ దూరం నుంచి వినబడుద్ది. సొంతపిల్ల ఏడుపు మూరెడు దూరంలో వినబళ్ళా! తీసిపారెయ్యి ఆ దరిద్రాన్ని."

"తీస్తే ఉద్యోగం ఊడుద్ది."

"ఊడనీ. టిక్కెట్లు చింపి నేను పోషిస్తా."

లహరి తల్లి దగ్గరికి రాలేదు. తండ్రి మెడ పట్టుకుని, ఆ భుజం మీంచి తల్లి చేతికున్న పట్టీని చూసింది. చూసి మొహం తిప్పుకుంది.

*

మంగళవారం మధ్యాహ్నం రూతు తండ్రి యాకోబు ఫోను చేశాడు.

"టీచరమ్మా, సువార్తకు ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రోళ్ళు ఇంటికి తీసకపొమ్మన్నారు. ఇంగ లాభం లేదన్నారు. బిడ్డను పంపీ తల్లీ. ఒకసారి చూడాలంటుండాది. ఊపిరి బిగబట్టుకోని ఉండాది ఆ పిల్ల కోసరం."

తిరుపతమ్మ వెళ్ళి అనసూయమ్మకు చెప్పింది. ప్రిన్సిపాలు గదిలో గోడకు కొత్త రంగు వేయిస్తోంది. గురువారం కమిటీ వస్తుంది. ఈ బడిలో పట్టీలు చూసి, మెచ్చి, రాష్ట్రమంతా వేయించే కమిటీ.

"గురువారం సాయంత్రం పంపుదాం," అంది అనసూయమ్మ.

"అప్పటిదాకా ఉంటదో లేదో మేడం."

"ఇప్పుడు చెప్తే ఆ పిల్ల పట్టీ ఎర్రబడుద్ది. ఒక పిల్ల ఏడిస్తే గదిలో ఉన్న పిల్లలందరూ మొదలుపెడతారు. నలభైమంది టీచర్లు మంచాలెక్కుతారు. కమిటీకి ఎవర్ని చూపించమంటావు? గురవమ్మనా?" ప్రిన్సిపాలు గొంతు తగ్గించింది. "అయినా నీ మేలు కోసమే చెప్తుండా. తల్లి పోయే దుఃఖంలో సగమంటే ఆషామాషీ కాదు. తట్టుకుంటావా?"

తిరుపతమ్మకు ప్రిన్సిపాలంటే భయం ఉంది, నిజమే. కానీ ఆమె నోరు కట్టేసింది ఆ భయం ఒక్కటే కాదు. రెండు రోజులు వాయిదా పడితే రెండు రోజులు తన ఛాతీ తేలిగ్గా ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే బయటికొచ్చింది.

వరండాలో రూతు ఎదురుపడింది. "మా నాయన ఫోను చేశాడా టీచర్?"

"లేదు. నీకెవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా. ఊరికే అడిగా."

తిరుపతమ్మ గొంతుకు ఏదో అడ్డం పడబోయింది. రూతు పెదాలు కదిలాయి. అడ్డం తొలగిపోయింది.

గురువారం కమిటీ వచ్చింది. పిల్లలు వరసల్లో నిలబడి, పట్టీలున్న చేతులు పైకెత్తి చూపించారు. అన్నీ పచ్చ వెలుగే. కోటు వేసుకున్న పెద్దాయన "పచ్చటి వరిమడిలా ఉంది!" అని మురిసిపోయాడు. దండ వేయడానికి మొదటి వరసలో రూతును నిలబెట్టారు. ఎంత దిగులుగల పిల్ల ఎంత కుదురుగా ఉందో చూపించాలని డాక్టరు ముచ్చట. రూతు దండ వేసింది. స్వాగతగీతం మొదలైంది. తిరుపతమ్మ సంచీలో ఫోను వణికింది.

యాకోబు ఏడవలేదు. "పోయింది టీచరమ్మా," అన్నాడు. "ఇప్పుడన్నా పంపిస్తావా?"

హాల్లో చప్పట్లు.

*

"ఇక్కడే చెప్పండి," అంది డాక్టర్ ప్రమీల, కమిటీ కార్లు గేటు దాటగానే. "నా ముందే చెప్పండి. ఇంత పెద్ద దుఃఖం ఇంతవరకు తెర మీద చూడలేదు."

తిరుపతమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపుకు డాక్టరు ఒకడుగు వెనక్కి వేసింది. అయినా తెర మాత్రం ఆపలేదు.

రూతును స్టూలు మీద కూచోబెట్టారు. చేతికి కమిటీ వాళ్ళిచ్చిన లడ్డూ అంటుకుని ఉంది.

"రూతూ. మీ అమ్మ పోయింది."

మాట నోట్లోంచి వెళ్ళి పిల్ల చెవిలో పడిందో లేదో, తిరుపతమ్మ పక్కటెముకల కింద ఎవరో గునపం దించినట్టయింది. కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద కూలింది. ఆమె నోట్లోంచి వచ్చిన అరుపు ఆమెది కాదు. రూతు కళ్ళు మాత్రం తడిసి ఆగిపోయాయి.

"ఎప్పుడు?"

"పొద్... పొద్దున."

"బాగలేదని మీకెప్పుడు తెలిసింది?"

తిరుపతమ్మ గచ్చు వైపు చూసింది. "మంగళారం."

రూతు చేతికంటిన లడ్డూను గౌనుకు తుడుచుకుంది. పెదాలు కదిలాయి. ఇప్పుడు బయటికే వినబడింది.

"పదిహేడు ఒకట్లు పదిహేడు. పదిహేడు రెళ్ళు ముప్పైనాలుగు..."

"తట్టుకుంది!" అంది డాక్టరు తెర చూస్తూ. ఆమె గొంతులో ఆనందం దాగలేదు. "వెంట మీరు వెళ్ళండి. ఏం జరిగినా పట్టీ మాత్రం తియ్యొద్దు. ఇప్పుడసలే తియ్యొద్దు."

*

గని దగ్గరి పల్లెలో ఇళ్ళ మధ్య దారంతా పలక చిప్పలే. నడిస్తే కాళ్ళ కింద కరకరలాడతాయి. యాకోబు ఇంటి ముందు తాటాకుల పందిరి, పందిట్లో మంచం, మంచం మీద సువార్తమ్మ. తెల్లచీర కప్పారు. తలాపున బైబిలు పెట్టారు. ఆమె గోళ్ళ సందుల్లో పలక దుమ్ము ఇంకా పోలేదు.

ఆ ఊళ్ళో చావింటికి వచ్చిన ఆడవాళ్ళు ఊరికే ఏడ్చి పోరు. చచ్చిపోయినవాళ్ళకు దగ్గరి మనిషెవరో చూసి, ఆ మనిషి మెడ కావలించుకుని, శోకాలు పెట్టి ఏడుస్తారు. ఒకామె చేతులు అలిసిపోతే ఇంకొకామె అందుకుంటుంది. అట్లా మెడ నుంచి మెడకు పోతుంది ఏడుపు. పిల్ల వస్తుందని అందరూ చేతులు ఖాళీ పెట్టుకుని కూచున్నారు.

రూతు వచ్చింది. మేనత్త దీనమ్మ లేచి మెడ పట్టుకుంది. "మీ అమ్మ నీ కోసరం కళ్ళు కాయలు కాయించుకొనె గదే, నా తల్లీ! గడప ఎంబడే చూసె గదే!"

రూతు నిలబడింది. చేతులు పక్కకు వేలాడుతున్నాయి. కళ్ళల్లో చెమ్మ లేదు. పెదాలు కదులుతున్నాయి.

"పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏళ్ళు నూట పంతొమ్మిది."

దీనమ్మ చేతులు వదిలేసి వెనక్కి తగ్గింది. "ఏందే ఇది? ఎక్కాలా? తల్లి పీనుగ ముందర ఎక్కాలా?"

అప్పుడే వెనకనుంచి పెద్ద పెట్టున ఏడుపు లేచింది. అందరూ తిరిగారు. చేతిసంచీ జారిపోయి, జుట్టు ఊడి, పంతులమ్మ మంచం కోడు పట్టుకుని గుండెలు బాదుకుంటోంది. "అమ్మా!" అంటోంది. సువార్తమ్మను ఒకే ఒకసారి బడి మీటింగులో చూసింది, అది కూడా సెలవుల తర్వాత పిల్లను ఆలస్యంగా పంపిందని కసురుకోవడానికి. ఇప్పుడు ఆ కాళ్ళు పట్టుకుని "అమ్మా!" అంటోంది.

"ఎవురమ్మా నువ్వు?" అంది దీనమ్మ. గొంతు పలక చిప్పలా ఉంది. "మా వదిన నీకేమవుద్ది? బతికుండంగా బిడ్డను పంపమంటే పంపలా. ఇప్పుడొచ్చి కన్నకూతురు మాదిరి ఏడుస్తుండావు! సిగ్గు లేదా?"

"దానికి చూడను గూడా లేకపాయె," అన్నాడు యాకోబు పందిరిగుంజకు ఆనుకుని. "ఏడ్చేదన్నా దానికి ఉంచుతావేమో అనుకుంటిని."

ఎవరో ఆడమనిషి ఉమ్మేసింది. ఇంకెవరో "పట్టీలోళ్ళు," అన్నారు. రాళ్ళు కొట్టే చేతులు పిడికిళ్ళయ్యాయి.

రూతు మంచం చుట్టూ తిరిగి వచ్చి టీచరు ముందు నిలబడింది. ఆ పిల్ల మొహంలో అంత పగ తిరుపతమ్మ ఎన్నడూ చూడలేదు. ఆ పగలో సగం తన రొమ్ములోనే మండుతోంది. తన మీద తనకే వచ్చిన ఆ పగ ఎవరిదో పోల్చుకునేసరికి ఒళ్ళు జలదరించింది.

"టీచర్. మా అమ్మ కోసరం మీరెందుకు ఏడుస్తుండారు?"

"రూతూ..."

"నాకు రావట్లా. చూస్తుండా, అమ్మేనని తెలుస్తుంది, రావట్లా. మీరు తీసుకున్నారు." చెయ్యి ముందుకు చాచింది. పట్టీ కింద చర్మం పాలిపోయి ఉంది. "నా ఏడుపు నాకియ్యండి."

గురవమ్మ మాట గుర్తొచ్చింది తిరుపతమ్మకు. రెండోదాని కాళ్ళు కాల్తాయి. పన్నెండేళ్ళ పిల్ల. ఒక్కసారిగా మీద పడితే గుండె ఆగినా ఆగుతుంది. తియ్యకపోతే ఈ పిల్ల తల్లిని ఏడవకుండానే మట్టిలో పెడుతుంది. ఈ పూట మళ్ళీ రాదు.

ఆమె లేచి నిలబడింది.

"దీనమ్మా! నన్ను తర్వాత కొడుదువు గాని. ఇటు రా. పిల్లను పట్టుకో. గట్టిగా. మీరందరూ రండమ్మా, చుట్టూ రండి. ఒక్కత్తే మోయలేదు, వదలబాకండి. చేతులు అలిసిపోతే మార్చుకోండి, మీ పద్ధతే గదా. వదలబాకండి."

"నువ్వు చెప్పేదేంది మాకు?" అంది దీనమ్మ. అంటూనే వచ్చి పట్టుకుంది. ఒకామె వీపు పట్టింది. ఒకామె తల రొమ్ముకు అదుముకుంది. యాకోబు కూడా వచ్చి కూతురి పాదాల దగ్గర కూలబడ్డాడు.

తిరుపతమ్మ తన పట్టీ మీద బొటనవేలు ఆనించింది.

టక్కుమని రెండు పట్టీలూ ఊడి పలక చిప్పల మీద పడ్డాయి. ఒక క్షణం ఏమీ లేదు. రూతు నోరు తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది. లోపలికి పోయిన ఊపిరి బయటికి రావడం లేదు. దీనమ్మ పిల్ల వీపు మీద చరిచింది. "ఏడవ్వే! ఏడువు నా తల్లీ! మీ అమ్మేనే!"

అప్పుడు వచ్చింది. గనిలో మందు పేల్చినప్పుడు కూడా ఆ పల్లె అంత అదరలేదు. పిల్ల విల్లులా వెనక్కి వంగిపోయింది. పది చేతులు పట్టి ఆపాయి. దీనమ్మ చేతులు అలిసిపోతే ఇంకొకామె అందుకుంది, ఆమె నుంచి ఇంకొకామె. పిల్ల వాళ్ళను రక్కింది, తన్నింది, కొరికింది. ఎవరూ వదల్లేదు.

తిరుపతమ్మ చెంపలు తడిగానే ఉన్నాయి. లోపల మాత్రం ఊడ్చేసిన కళ్ళంలా ఉంది. మంచం మీద ఉన్నది ఎవరో పరాయి మనిషి. తను నిలబడింది ఎవరిదో ఇల్లు. దీనమ్మ పిల్ల తల మీంచి ఆమె వైపు చూసి, "ఇంగ పో," అంది.

వీధి చివర పలక చిప్పల గుట్ట మీద కూచుంది. కాసేపటికి ఏదో లోపల కదిలింది. రూతుదేమో అనుకుని అలవాటుగా ముంజెయ్యి తడుముకుంది. అక్కడ పట్టీ లేదు. మంగళవారం మధ్యాహ్నం, వరండా, "మా నాయన ఫోను చేశాడా టీచర్?" అన్న మాట. ఇది ఎవరి దగ్గరనుంచీ వచ్చింది కాదు. ఇందులో సగం పంచుకునేవాళ్ళెవరూ లేరు.

*

డాక్టర్ ప్రమీల తిట్టింది. "తెలివి ఉన్న మనిషి చేసే పనేనా? ఆ పిల్లకేమన్నా అయితే?"

"అయింది గదా. తల్లి చచ్చిపోయింది," అంది తిరుపతమ్మ.

"పట్టీ దాన్ని తగ్గించింది."

"తగ్గించమని ఆ పిల్ల అడగలా. నేనే ఎక్కాలు నేర్పి ఇంకొంచెం తగ్గించా. ఇద్దరం కలిసి బాగా తగ్గించాం డాక్టరుగారూ."

ఆ రోజు తెర మీది గీతల్ని తర్వాత డాక్టరు ఎవరికైనా చూపించిందో లేదో ఎవరికీ తెలియదు. పట్టీలు మాత్రం ఆగలేదు. ఇంకా ఎన్నో బడులకు పోయాయి. తిరుపతమ్మకు పై నుంచి తాఖీదు వచ్చింది. ఇంక్రిమెంటు ఆపారు, పట్టీ ఇవ్వొద్దన్నారు. "పీడా పోయింది," అన్నాడు ఏడుకొండలు. లహరి మాత్రం వారం దాకా తల్లి ఒళ్ళోకి రాలేదు. కమిలిన గోరు ఊడి కొత్తది వచ్చింది. తిరుపతమ్మ రోజూ ఆ వేలు చూసేది.

తల్లి పేరున ప్రార్థన పెట్టే ఆదరణ కూడిక అయిపోయాక రూతు బడికి తిరిగొచ్చింది. పట్టీ వేయించుకోనంది. బలవంతం చేయబోతే కొరికింది. వదిలేశారు. మిగతా పిల్లలు పచ్చటి చేతులతో కుదురుగా తింటుంటే, ఖాళీ చెయ్యి పిల్ల భోజనాల హాలులో చివర ఒక్కతే కూచునేది.

తిరుపతమ్మ తన పళ్ళెం పట్టుకెళ్ళి ఎదురుగా కూచుంది.

పిల్ల మొహం చూసింది. ఏమీ తెలియలేదు. ఆకలేస్తుందా, తల నొస్తుందా, రాత్రి నిద్రపోయిందా, ఏమీ తెలియలేదు. ఇన్ని నెలలు ఆ పిల్ల గుటక మింగితే తన గొంతుకు తెలిసేది. ఇప్పుడు తెలియాలంటే అడగడం తప్ప దారి లేదు. అడగడం ఎట్లాగో ఆమెకు అలవాటు లేదు.

"తిన్నావా?"

"కనబడట్లా?"

మర్నాడు. "కడుపులో బాగుందా?"

"మీకెందుకు?"

ఆ మర్నాడు రూతు పళ్ళెం ఎత్తుకుని వేరే చోటుకు పోయింది. తిరుపతమ్మ ఆ మర్నాడు ఆ వేరే చోటుకు పోయింది.

"పట్టీ పోయినా పిచ్చి పోలేదే అక్కకు," అంది షంషాద్ పక్క బల్ల నుంచి. "దాని చేత తిట్లు తినకపోతే నీకు అన్నం అరగదా?"

వానలు మొదలయ్యాయి. గని వైపు రోడ్డు బురదయింది. తిరుపతమ్మ రోజూ అడిగింది. రూతు రోజూ కసిరింది. కొన్ని రోజులు కసరను కూడా లేదు, గోడ చూస్తా తింది. ఆ పిల్ల క్షమిస్తుందని తిరుపతమ్మ అనుకోలేదు. క్షమించాలని అడగనూ లేదు. ఆమె అడిగింది అన్నం గురించి, నిద్ర గురించి, చెప్పు తెగిందా అని.

ఒక మధ్యాహ్నం రూతు తల ఎత్తకుండా గ్లాసు దూరంగా నెట్టింది.

"రసం చల్లగా ఉంది."

అది చిరాకు. మొహం కూడా చిట్లించింది. తిరుపతమ్మ గ్లాసు తీసుకుని, సగం తిన్న తన పళ్ళెం అక్కడే వదిలి, గురవమ్మ మీద అరవడానికి వంటగదికి నడిచింది.